అత్తగారి గొంతూ - తెల్లబెల్లమూ

బెల్లం కొనేటప్పుడు మీరేం చూస్తారు? ముందు రంగు చూస్తారు, అవునా? దిమ్మ పసుపుపచ్చగా నిగనిగలాడుతూ ఉంటే "మేలురకం" అనుకుంటారు. కాస్త నల్లగా ఉంటే మొహం చిట్లించి "ఇదేవిటయ్యా, మాడినట్టుందీ" అంటారు. మీ తప్పేం లేదు లెండి. కాపరానికి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనేదాన్ని.

మాది బుచ్చయ్యపేట. మొన్నమొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా పేరు మారినా బెల్లం వాసన మారలేదు. బెల్లం వండటం మా అత్తగారు నాకు దగ్గరుండి చూపించారు. చెరుకురసం పెనంలో కాగుతుంటే పైకి మడ్డి తేలుతుంది. కొంచెం సున్నం వేసి ఆ మడ్డి తీసి పారేస్తారు. అది చెయ్యవలసిందే. కానీ కొందరు అక్కడితో ఆగరు. బజార్లో రంగు చూసి కొంటారు కదా అని హైడ్రోసు అనే మందు వేస్తారు. బెల్లం తెల్లగా తేలిపోతుంది. వద్దని చెప్పేవాళ్లు చెబుతూనే ఉంటారు, వేసేవాళ్లు వేస్తూనే ఉంటారు.

"మడ్డి తియ్యడం ఏరే, మందెయ్యడం ఏరే" అనేవారు మా అత్తగారు.

ఈ బెల్లం గోల ఇప్పుడెందుకంటారా? పోయినేడాది మా ఇంట్లో ఓ గొంతుకి హైడ్రోసు వేశారు. వేసింది పరాయివాళ్లు కాదు, సాక్షాత్తూ మా ఆడపడుచు కొడుకు. చేజేతులా వెయ్యనిచ్చింది నేను. ఆ గొంతు మా అత్తగారిది.

ఆవిడకి ఎన్ని పాటలొచ్చో ఆవిడకే తెలీదు. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, గొబ్బిపాటలు, ఊడుపు పాటలు, పిల్లల్ని ఉయ్యాల్లో వేసి ఊపే పాటలు. చింతపండు పిక్క తీస్తూ ఒకటి, చేటలో బియ్యం చెరుగుతూ ఒకటి. "అత్తా, ఇంకోసారి పాడవా" అంటే "పోయే, పనీపాటా లేదా నీకు" అని కసిరి, మరుక్షణంలో అందుకునేవారు. నేను ఫోను పక్కన పెట్టి పదకొండు పాటలు పట్టాను.

మా మేనల్లుడు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, తనుండే గదిలోనే ఓ స్టూడియో పెట్టుకున్నాడు. గోడల నిండా నల్లటి స్పాంజి ముక్కలు, రెండు స్పీకర్లు, ఒక కంప్యూటరు. మంచి కుర్రాడు, పాపం. నా ఫోన్లో పాటలు విని, "అత్తా, అమ్మమ్మ గొంతు బంగారం. కానీ ఈ చప్పుళ్లేవిటి? నాకివ్వు, క్లీన్ చేసి పెడతాను" అన్నాడు. ఇచ్చాను. ఫోన్లో చోటు లేదని నా దగ్గరున్నవి తుడిచేశాను. అతను క్లీన్ చేసినవి దాచి, అసలువి తీసేశాడు.

సంక్రాంతికి వచ్చి, పాట పెట్టి వినిపించాడు. అద్దంలా ఉంది. వెనక ఫ్యాను మోత లేదు, కోడికూత లేదు. కింద తబలా. చుట్టూ గుళ్లో పాడినట్టు గింగురుమంటూ ప్రతిధ్వని. ఊపిరి తీసుకున్న చప్పుడుగానీ, గొంతు సవరించుకున్న చప్పుడుగానీ లేవు. మా అత్తగారు శ్రద్ధగా ఆఖరిదాకా విని అడిగారు గదా:

"ఎవులే ఈ గుంట? బాగానే పాడతంది!"

అందరం పగలబడి నవ్వాం. ఆవిడా నవ్వారు.

ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే ఆవిడకి పక్షవాతం వచ్చింది. మనిషి దక్కింది, దేవుడి దయ. మాట ముద్దముద్దగా వస్తోంది. పాట రాదు. అప్పుడు వెతుక్కున్నాను అసలు రికార్డుల కోసం. ఎక్కడున్నాయి? ఇంట్లో మిగిలింది ఎవరో గుంట పాడిన పది పాటలు.

పదకొండులో ఒక్కటి మాత్రం బతికి బట్టకట్టింది. ఏనాడో మా అమ్మాయికి వాట్సాప్‌లో పంపిన ఉయ్యాల పాట. రికార్డు నాసిరకమే. కానీ గొంతు ఆవిడదే. అది విన్నాకనే నాకు తెలిసింది మావాడు ఏం చేశాడో. ఆ పాటలో వెనక కిర్రు, కిర్రు అని ఉయ్యాల గొలుసు చప్పుడు ఉంటుంది. ఆ పాటకి తాళం ఆ కిర్రే. గొలుసు అటు వెళ్లినప్పుడు ఒక మాట, ఇటు వచ్చినప్పుడు ఒక మాట. ఆ కిర్రుని చప్పుడని తుడిచేసి, తాళం లేదు గదా అని తబలా పెట్టాడు! మెడలో తాళి తీసేసి, మెడ బోసిగా ఉందని గొలుసు వేసినట్టు లేదూ?

నేను పోట్లాడదలుచుకున్నది ఇక్కడే. ఇంట్లో పాటలు పట్టుకోవటానికి ఈ రోజుల్లో వచ్చిన సాఫ్ట్‌వేర్లు, డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్లని పెద్ద పేరుతో పిలిచేవి, ముందుగా దాచటానికి వాడాలి. దిద్దటం ఆ తర్వాతి మాట. దిద్దినా కాపీని దిద్దాలి. అసలుని తాకే హక్కు ఎవరికీ లేదు, ప్రేమగల మేనల్లుళ్లకైనా సరే.

"అయినా ఇంటి పాటలకి ఇంత రాద్ధాంతమా?" అనేవాళ్లుంటారు. మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్లకి నాదొక ప్రశ్న. ఆడవాళ్ల పాటలు ఇంతవరకు ఎక్కడ భద్రంగా ఉన్నాయి, చెప్పండి? నేదునూరి గంగాధరంగారు ఊరూరా తిరిగి జానపదగేయాలు పోగుచేశారు. బిరుదురాజు రామరాజుగారు వాటిమీద పరిశోధన చేసి గ్రంథం రాశారు. వాళ్లకి చేతులెత్తి మొక్కాలి. కానీ పుస్తకంలో మాట ఉంటుంది, గొంతు ఉండదు. వింజమూరి అక్కచెల్లెళ్లు సీత, అనసూయగార్లు పల్లెపాటను సభలకీ రేడియోకీ ఎక్కించారు. అది వాళ్లు పాడిన పాట. రేడియో సంగతంటారా, మద్రాసు కేంద్రం 1938లో వచ్చింది, విజయవాడ 1948లో, మా విశాఖపట్నం 1963లో. స్వరపరీక్ష నెగ్గినవాళ్లకి అక్కడ మైకు దొరికింది. చేట చెరుగుతూ పాడే మా అత్తగారికి స్వరపరీక్ష ఎవరు పెడతారు? పెడితే మాత్రం ఆవిడ వెళ్తారా? ఆ పాట ఉండేది ఇంట్లో. దాన్ని పట్టగలిగేది ఇంట్లోవాళ్లమే.

అందుకని పంతం పట్టి నేనే నేర్చుకున్నాను. "ఈ వయసులో నీకు కంప్యూటరెందుకూ?" అన్నారు మావారు. రోలు పోయి మిక్సీ వస్తే నేర్చుకున్నాను. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వస్తే నేర్చుకున్నాను. ఇండక్షన్ పొయ్యి వస్తే అదీ నేర్చుకున్నాను. అప్పుడెవరూ నా వయసడగలేదు! ఇంటిల్లిపాదికీ పనికొచ్చే యంత్రమైతే మనకి ఏ వయసులోనైనా బుర్ర ఉంటుంది. మనకి మనం నేర్చుకుంటానంటేనే వయసు అడ్డొస్తుంది కాబోలు.

ముందు డబ్బు సంగతి చెబుతాను. పట్నంలో ఓ దుకాణానికి వెళ్లి ఇంట్లో పాటలు రికార్డు చెయ్యాలన్నాను. ఆ అబ్బాయి చెప్పిన జాబితా వింటే పిల్ల పెళ్లికి సారె సామాను గుర్తొచ్చింది. నోరు మూసుకుని వచ్చేశాను. వర్క్‌స్టేషన్ సాఫ్ట్‌వేరుకి పైసా ఖర్చక్కర్లేదు. ఆడాసిటీ అనేది ఉంది. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజ్జోని, రోజర్ డానెన్‌బర్గ్ అనే ఇద్దరు మొదలుపెట్టి, 2000లో లోకానికి ఉచితంగా ఇచ్చారు. ఇప్పటికీ ఉచితమే. ఆపిల్ కంప్యూటరు ఉన్నవాళ్లకి గరాజ్‌బ్యాండ్ ఊరికే వస్తుంది. రీపర్ అనేదాన్ని అరవై రోజులు ఉచితంగా వాడి చూసి, నచ్చితే కొనుక్కోవచ్చు. కొనవలసిందల్లా కంప్యూటరుకి నేరుగా తగిలించే యూఎస్‌బీ మైకు ఒకటి, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు ఒక జత. అవీ లేకపోతే ఫోనుతోనే మొదలుపెట్టండి. మంచి మైకు కొనేదాకా ఆగుదామనుకుంటే, మైకు వచ్చేసరికి మనిషి ఉండకపోవచ్చు.

మైకుకన్నా ముఖ్యం గది. సిమెంటు గోడలు, నున్నటి గచ్చు ఉన్న హాల్లో పాడితే గొంతు గోడలకి కొట్టుకుని తిరిగొస్తుంది. ఆ ప్రతిధ్వని ఒకసారి రికార్డులో పడితే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని శుభ్రంగా విడదియ్యలేదు. నల్ల స్పాంజీలు కొననక్కర్లేదు. పరుపులు, బొంతలు ఉన్న పడగ్గది చాలు. చీరల బీరువా తలుపులు బార్లా తెరిచి, పాడేవాళ్ల ఎదుట ఉంచండి. వెనక ఓ దళసరి దుప్పటి వేలాడదియ్యండి. మన చీరలన్నీ కలిసి ఒక పుణ్యకార్యానికి పనికొచ్చేది ఇక్కడే!

ఫ్యాను ఆపండి. ఫ్రిజ్జు ఆపండి. ఆపిన ఫ్రిజ్జు మళ్లీ వెయ్యటం మర్చిపోయి పాలు విరగ్గొట్టుకుంటాం కనక, ఇంటి తాళాలు ఫ్రిజ్జులో పెట్టండి. బయటికి వెళ్లాలంటే అదే గుర్తుచేస్తుంది. ఫోన్లని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మా ఊళ్లో ఇంకో సౌకర్యం ఉంది: కరెంటు పోవటం. ఎన్నాళ్లనుంచో తిట్టుకుంటున్న ఆ కరెంటుకోతే నా పాలిట స్టూడియో. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద నడిపితే గుమ్మనే మోత ఉండదు. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఆ ఊగటమే అదే లెక్కలో 50, 100, 150 అంటూ రికార్డులోకి దూరుతుంది. తర్వాత తియ్యటం కష్టం. అసలు రానివ్వకపోవటం తేలిక. నిశ్శబ్దమంటే ఇలా పాట మొదలెట్టకముందు సంపాదించుకునేది. పాట అయ్యాక గొంతు కోసి తెచ్చేది కాదు.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. మరీ ఎదురుగా పెడితే "ప", "భ" అన్నప్పుడల్లా ఫట్‌మని గాలి కొడుతుంది. దానికి అడ్డుగా పెట్టే జల్లెడని దుకాణంలో అమ్ముతారు. ఎంబ్రాయిడరీ రింగుకి పల్చటి నైలాన్ గుడ్డ బిగించి నేనే చేసుకున్నాను. ముసలివాళ్లకి మైకు చేతికివ్వకండి, బిగుసుకుపోతారు. ఓ స్టాండుకి తగిలించి, చేతికి ఏ చిక్కుడుకాయలో ఇవ్వండి. చేతిలో పని ఉంటేనే వాళ్లకి పాట వస్తుంది.

హెడ్‌ఫోన్లు మీరు పెట్టుకోండి, వాళ్లకి వద్దు. కంప్యూటరు గుండా తిరిగి వచ్చే గొంతు రవ్వంత ఆలస్యంగా చెవిలో పడుతుంది. అది విని పాడేవాళ్లు తడబడతారు. పాడేవాళ్లు తప్పనిసరిగా వినవలసి వస్తే సెట్టింగుల్లో బఫర్ అన్న చోట అంకె 128కి తగ్గిస్తే ఆ ఆలస్యం తగ్గుతుంది.

ఇక మట్టం. తెరమీద గొంతు పెరిగినప్పుడల్లా ఒక పట్టీ ఎగురుతుంది. దాని అంకెలు విచిత్రంగా ఉంటాయి, సున్నా అన్నిటికంటే పైన ఉంటుంది. పాటలో అన్నిటికన్నా గట్టి మాట కూడా మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్ లోపలే ఉండేట్టు చూసుకోండి. సున్నా దాటిందో, గొంతు చిట్లుతుంది. పాలు పొంగి పొయ్యిలో పడ్డాక మంట తగ్గించి ఏం లాభం? తక్కువగా పట్టిన గొంతుని తర్వాత పెంచుకోవచ్చు. చిట్లిన గొంతుని అతికించలేం. ఇరవైనాలుగు బిట్లు, 48,000 శాంపిళ్లు అని సెట్టింగులో ఎంచుకోండి. ట్రాకు మోనో చాలు. అలా పడితే నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు. నాలుగేసి నిమిషాల పాటలు వంద పట్టినా మూడున్నర గిగాబైట్లు దాటదు. వేలెడు మెమరీ కార్డులో అత్తగారి ఆయుష్షంతా పడుతుంది. చోటు లేదని తుడిచేసిన నా బుద్ధిని ఏమనాలి?

పాట ముందు ఓ పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చెయ్యండి. ఇది తర్వాత పనికొస్తుంది. ఆ తర్వాత పాడేవాళ్లచేత వాళ్ల పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పించండి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను రికార్డు ఇచ్చినప్పుడు, పాట చివర తన పేరు తనే చెప్పుకునేది. అందుకే నూట ఇరవై ఏళ్ల తర్వాతా ఆ గొంతు ఎవరిదని అడగనక్కర్లేదు. మన ఇళ్లల్లో పాడిన ఆడవాళ్లకి ఆ పాటి పేరు దక్కలేదు. "ఫలానావారి కోడలు", "ఫలానావాడి తల్లి" అయ్యారు. కనీసం రికార్డులోనైనా తమ పేరు తమ నోటితో చెప్పనివ్వండి.

మధ్యలో తప్పొస్తే ఆపకండి. "అయ్యో, ఆ చరణం ముందు కదే" అని వాళ్లు గొణుక్కుంటే అదీ ఉండనివ్వండి. ఆడాసిటీలో అయితే కంట్రోలూ ఎమ్ కలిపి నొక్కితే అక్కడ ఓ చీటీ అంటించినట్టు గుర్తు పెట్టుకోవచ్చు. తర్వాత చూసుకుంటారు.

ఇప్పుడు అసలు తగువు దగ్గరికి వద్దాం: దిద్దటం.

ఆటో ట్యూన్ అని ఒకటుంది. 1997లో వచ్చింది. దాన్ని కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమి పొరల్లోకి చప్పుడు పంపి, తిరిగొచ్చిన దాన్నిబట్టి చమురెక్కడుందో పోల్చే పనిలో ఉండేవాడు. ఆ లెక్కల అనుభవాన్నే గొంతుమీదికి తిప్పాడు. 1998లో షెర్ అనే గాయని పాటలో దాన్ని కావాలనే గట్టిగా వాడితే, ఆ యంత్రపు వంపు లోకానికి కొత్త ఫ్యాషనైంది. అది వాళ్లిష్టం, నాకేం అభ్యంతరం లేదు. సినిమాకో డాన్సుకో వాడుకోండి. కానీ ఆ యంత్రం ఏం చేస్తుందో చూడండి. హార్మణీ మెట్లమీదున్న స్వరాలు పన్నెండు. గొంతు ఆ మెట్లకి మధ్యలో ఎక్కడైనా నిలిస్తే, దగ్గర్లో ఉన్న మెట్టుమీదికి లాగి కూర్చోబెడుతుంది. మా అత్తగారి పాట మెట్లమీద ఉంటుందా? మెట్లమధ్య జారుతూ ఉంటుంది. అప్పగింతల పాటలో "తల్లీ" అన్న మాట పైనుంచి కిందికి జారే ఆ జారుడులో ఆవిడ ఇద్దరు కూతుళ్లని అత్తవారింటికి పంపిన బాధ ఉంది. యంత్రానికి అది తప్పుగా కనిపించింది. దిద్దేసింది. జారుడు కాస్తా మెట్లయింది. బాధ ఎగిరిపోయింది.

ఊపిరి సంగతీ అంతే. నాలుగో చరణం దగ్గర ఆవిడ కాసేపు ఆగేవారు. ఏడుపు దిగమింగుకుని మళ్లీ అందుకునేవారు. ఆ ఆగటం మావాడికి ఖాళీలా కనిపించింది. కత్తిరించి, రెండు పక్కలూ అతికించాడు. ఎందుకురా అంటే, "అత్తా, ఇలా సాగదీస్తే ఈ రోజుల్లో ఎవరూ వినరు" అన్నాడు.

అతని మాటా కొట్టిపారేయను. వాడు చెప్పింది బజారు సత్యం. తెల్లబెల్లం కొనేవాళ్లున్నంత కాలం తెల్లబెల్లం వండేవాళ్లు ఉంటారు. పరాయివాళ్లకి వినిపించటానికి కాస్త ముస్తాబు చెయ్యొచ్చు. మా అమ్మాయి స్నేహితులు వినాలంటే నేనూ చేస్తాను. అయితే ముస్తాబు చేసింది రెండో కాపీ అయి ఉండాలి. ఆడాసిటీలో పాట తెరవగానే కంట్రోలూ డీ నొక్కితే ట్రాకుకి జంట పుడుతుంది. అసలుదాన్ని మ్యూట్ చేసి పక్కనుంచి, జంటమీద మీ ఇష్టమొచ్చిన ప్రయోగం చేసుకోండి. బయటికి తీసేటప్పుడు కొత్త పేరు పెట్టండి. పాత పేరుతో తీస్తే పాతది చెరిగిపోతుంది. మా కొంప ముంచింది ఇదే.

చప్పుడు తియ్యటంలోనూ మడ్డికీ మందుకీ తేడా తెలుసుకోవాలి. 80 హెర్ట్జ్‌కి కింద ఉన్నది కోసేసే హైపాస్ ఫిల్టరు ఉంది. ఆడవాళ్ల గొంతు మామూలుగా అంత కిందికి దిగదు. అక్కడుండేది లారీల గుడగుడ, స్టాండు తగిలిన దడదడ. అది మడ్డి. తీసెయ్యండి. నాయిస్ రిడక్షన్‌కి ముందు పట్టిన పది సెకన్ల నిశ్శబ్దాన్ని మచ్చుగా చూపించండి.  నేను ఆరు డెసిబెళ్లతో మొదలుపెడతాను. పైగా అక్కడే రెసిడ్యూ అని ఒక మీట ఉంది. దాన్ని నొక్కి వింటే, తీసిపారేస్తున్నదేమిటో వినిపిస్తుంది. పెనంలోంచి తీసిన మడ్డిని వేలితో రుచి చూసినట్టన్నమాట. ఉత్త ఫ్యాను మోత వినబడితే సరే. ఆ మోతలో మీ అత్తగారి గొంతు సన్నగా వినిపిస్తే, మడ్డితోపాటు బెల్లాన్నీ పారబోస్తున్నారని గ్రహించి, అంకె తగ్గించండి. ఈ ఒక్క మీట సంగతి మావాడు నాకు ముందే చెప్పి ఉంటే బాగుండును. వాడికీ తెలీదట!

దాచటం ఆవకాయ జాడీలాంటిది. ఒక్క జాడీలో పెట్టి, అందులో తడి గరిటె పడితే ఏడాది గ్రాసం పోయినట్టే. పచ్చి రికార్డుని వేవ్ ఫైలుగా మూడు చోట్ల పెట్టండి. ఒకటి కంప్యూటర్లో, ఒకటి విడిగా ఉండే హార్డ్‌డిస్కులోనో కార్డులోనో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న కూతురి దగ్గర. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. ఫైలు పేరులో పాట, పాడినవారి పేరు, ఊరు, తేదీ ఉండాలి. "న్యూ రికార్డింగ్ 47" అని ఉంటే, పదేళ్ల తర్వాత దాన్ని పుట్టించిన దేవుడికి కూడా అందులో ఏముందో తెలీదు.

ఇంకోమాట. పాడింది ఎవరైతే పాట వాళ్లది. లోకం మీద వదిలేముందు వాళ్లనడగండి. పెళ్లిలో ఆడవాళ్లు వియ్యంకుల్ని ఆటపట్టిస్తూ పాడిన పాట ఆ పందిట్లో ముచ్చట. దాన్ని ఊరందరికీ పంపితే ఆవిడ రేపు వీధిలో తలెత్తుకోవద్దూ? "ఇది ఎవరికైనా పంపొచ్చా పిన్నీ?" అని అడగటానికి సాఫ్ట్‌వేరు అక్కర్లేదు, మర్యాద చాలు.

చివరగా మనమీద మనకే ఓ ఫిర్యాదు. ఈ ఏడాదిలో మా మండలంలో, వడ్డాది దాకా వెళ్లి, తెలిసినవాళ్లందర్నీ అడిగి పాటలు పడుతున్నాను. ప్రతి ఇంట్లోనూ మొదటి జవాబు ఒక్కటే: "నా గొంతు బాగోదమ్మా, సినిమావాళ్లలా రాదు." ఎవరు చెప్పారు మనకి, బాగోదని? దిద్దిన గొంతులు విని విని మనం దిద్దని గొంతుని చూసి సిగ్గుపడుతున్నాం. తెల్లబెల్లం చూసి చూసి అసలు బెల్లాన్ని మాడిందంటున్నాం. మా వీధి చివరి పెద్దమ్మ మొదట్లో ససేమిరా అంది. ఆవిడ పాట ఆవిడకే దిద్దకుండా వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా యమ్మ గొంతునాగుందే ఇది" అంది. తల్లి గొంతు తనలో ఉందని ఆవిడకి డెబ్బై ఏళ్లకి తెలిసింది. ఆటో ట్యూన్ వేసి ఉంటే తెలిసేదా?

మావాడు పాపం బాధపడ్డాడు. ఇప్పుడు నెలకోసారి వచ్చి నాకు మైకు పట్టుకుంటున్నాడు. పచ్చి రికార్డుల జోలికి మాత్రం వాణ్ణి వెళ్లనివ్వను. ఆ పెట్టె తాళం నాది. రికార్డు చేసేటప్పుడు మాత్రం అదీ ఫ్రిజ్జులో ఉంటుంది.

సాయంత్రంపూట ఆ మిగిలిన ఒక్క ఉయ్యాల పాటా మా అత్తగారి మంచం పక్కన పెడతాను. ఈసారి ఎవరి గొంతని అడగరు. కుడిచెయ్యి కదలదు. ఎడమచేతి వేలు మాత్రం దుప్పటి మీద ఆడుతుంది, కిర్రుకి ఒకటి, కిర్రుకి ఒకటి, తప్పకుండా.

మీ ఇంట్లో ఇంకా పాడుతున్నవాళ్లు ఉన్నారా? అయితే ఈ పేజీ మడిచి పక్కన పెట్టి, ముందు వెళ్లి ఫ్రిజ్జు ఆపండి.